విశాఖ దంతపు కుర్చీలు
కోస్తా తీరం కథలు – తొమ్మిదో భాగం

మచిలీపట్నం అద్దకం బట్టలు ఓడెక్కి సీమకు చేరిన వైనం గత వారం చెప్పుకున్నాం. అక్కడి నేతగాళ్ళ గోల భరించలేక 1721లో ఇంగ్లండు పార్లమెంటు ఆ బట్టల వాడకాన్నే నిషేధించినా, దొరల పడకగదుల్లో అవి వేలాడుతూనే ఉన్నాయని కూడా అనుకున్నాం. ఈ వారం బట్టలను వదిలి, వాటి మధ్య కొలువుదీరిన కుర్చీలు, బల్లలు, బీరువాల దగ్గరికి వెళ్దాం. మచిలీపట్నం నుంచి తీరం వెంట ఉత్తరానికి పోతే విశాఖపట్నం. కథ అక్కడిది.

ఈ రోజుల్లో హైదరాబాదులోనో విశాఖలోనో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు కలోనియల్ స్టైల్ కావాలని అడిగితే ఇంటీరియర్ డిజైనర్లు చూపించే సరుకు దాదాపు ఒకటే. తెల్లటి నున్నటి గోడలు, ముదురు రంగు టేకు సామాను, పేము అల్లిన కుర్చీలు, కాళ్ళు బారజాపుకోవడానికి పొడుగాటి చేతులున్న పడక కుర్చీ, మూలలకు ఇత్తడి బిళ్ళలు కొట్టిన పెట్టె, పూలతీగల కర్టెన్లు, కిటికీలకు వెదురు తెరలు. ఇదంతా తెల్లదొరలు తమ దేశం నుంచి వెంట తెచ్చిన అభిరుచి అన్నట్టు మాట్లాడతారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఆ గదిలోని ఒక్కొక్క వస్తువు పుట్టుక తవ్వుకుంటూ పోతే చాలాసార్లు మన తీరంలోని ఏదో ఒక వీధిలో, మన పనివాళ్ళ చేతుల్లో తేలుతుంది. దొరలు తెచ్చింది అవసరం, డబ్బు. మిగిలింది ఇక్కడి ఎండ, ఇక్కడి చెదలు, ఇక్కడి పనితనం కలిసి తయారుచేశాయి.

ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో 1682లో కోఠీ పెట్టుకుంది. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు ఉన్నారు. కోఠీలో కాపురం పెట్టిన దొరలకు మొదట ఎదురైన చిక్కు కూర్చోవడమే. అప్పటి మన ఇళ్ళలో కూర్చోవడానికి పీట, చాప, అరుగు. పడుకోవడానికి నులక మంచమో పట్టెమంచమో. సొమ్ములు దాచుకోవడానికి భోషాణం, బట్టలు తగిలించడానికి చిలక్కొయ్య. కుర్చీతో, ఎత్తు బల్లతో మన సంసారాలకు పనిలేదు. పోనీ సీమ నుంచి తెప్పించుకుందామంటే ఆఫ్రికా కొస చుట్టి రావడానికి ఓడకు నెలల తరబడి పట్టేది. వచ్చిన సామాను కూడా ఇక్కడి గాలికి నిలిచేది కాదు. బంక కరిగి అతుకులు విడిపోయేవి, పైన అంటించిన సన్నపు చెక్క పొరలు లేచిపోయేవి, మిగిలినదాన్ని చెదలు చూసుకునేవి. అందుకని ఒక మచ్చు కుర్చీనో, ఒక బొమ్మ గీసిన కాగితాన్నో దుబాసీ ద్వారా ఊళ్ళో వడ్రంగి చేతికిచ్చి, అచ్చం ఇలాంటిదే చేసిపెట్టమన్నారు.

వడ్రంగి చేసిపెట్టాడు. దొరలు అడిగినదానితో ఆగలేదు కూడా.

1756లో జాన్ కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి విశాఖపట్నం వచ్చాడు. ఆయన రాసుకున్న దినచర్యలో ఈ ఊరికి రెండు విషయాల్లో పేరుందని నమోదు చేశాడు. ఒకటి అద్దకం బట్ట, రెండోది కొయ్యలో దంతం పొదిగే పని. ఆ పని ఇక్కడ జరిగినంత నిండుగా ఇంకెక్కడా జరగదన్నట్టు మెచ్చుకున్నాడు. మరుసటి ఏడే ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖ కోఠీని పట్టుకున్నాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు ఆనందగజపతి సేనలతో కలిసి ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. 1765 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఈ యుద్ధాలున్నాయి, కార్నీల్ రాసిన ఆ రెండు ముక్కలు మాత్రం లేవు. నా దృష్టిలో విశాఖ చరిత్రకు అవి యుద్ధం కంటే తక్కువవి కావు.

ఈ పనివాళ్ళు కంసాలులని చరిత్రకారులు చెబుతున్నారు. దంతపు పనికి, కంసాలికి ఏమిటి సంబంధం? పంచాణం వారిలో బంగారం, ఇనుము, కొయ్య, కంచు, రాయి అయిదు పనులూ ఉన్నాయన్న సంగతి గుర్తుచేసుకుంటే సంబంధం కనిపిస్తుంది. కొయ్య చట్రాన్ని బిగించేది వడ్రంగి విద్య. లోహపు రేకు మీద సన్నని ఉలితో గీతలు దించడం, వెండి బిళ్ళలు, పిడులు, తాళపు కప్పలు తయారుచేయడం నగల పని చేసే చేతుల విద్య. విశాఖ సామానులో ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఒకే కులంలో, బహుశా ఒకే వీధిలో ఉన్న రెండు విద్యలు దొరల గిరాకీ పుణ్యమా అని ఒక పనిబల్ల మీదికి వచ్చి ఉంటాయని నా ఊహ. బల్ల అన్నాను గానీ, మన పనివాళ్ళు నేల మీద కూర్చుని, చెక్కను కాలివేళ్ళతో అదిమిపట్టి చిత్రిక పట్టేవారు. చూసిన తెల్లవాళ్ళు ఆ కూర్చునే తీరుకే ఆశ్చర్యపోయారు.

పని రెండు దశల్లో నడిచింది. మొదటిది పొదగడం. జిట్రేగి చెక్కలోనో నల్లచేవలోనో గాడి తీసి, దంతం ముక్కలను పూరేకుల్లాగా, ఆకుల్లాగా కోసి అందులో ఇమిడ్చేవారు. ఆ పైన రేకుల మీద ఈనెల్లాంటి గీతలు గీసి నల్లలక్క నింపేవారు. నల్లటి చెక్క మీద తెల్లటి తీగ బల్ల అంచు చుట్టూ పాకిపోతుంది. ఆ తీగను జాగ్రత్తగా చూడండి. మచిలీపట్నం పలంపోరు దుప్పట్ల అంచుల్లో పాకే తీగ అదే. ఒకే తీరంలో బట్ట మీద అద్దకంవాడు గీసిన పువ్వును, ఇంకొకడు కొయ్యలో దంతంతో పూయించాడు. దొర ఇచ్చిన మచ్చులో బల్ల ఆకారం మాత్రమే ఉంది. అంచును నింపింది మనవాడు.

రెండో దశ 1760ల నుంచి జోరందుకుంది. ఇందులో చట్రం మాత్రమే కొయ్య. ఏనుగు దంతాన్ని సన్నని పలకలుగా కోసి ఆ చట్రాన్ని ఎక్కడా కనబడకుండా కప్పేస్తారు. దంతంలో చాలా భాగం బర్మాలోని పెగూ వైపు నుంచి ఓడల్లో వచ్చేది. ఈ గాలికి బంకను నమ్మడానికి లేదు కాబట్టి పలకలను చిన్న చిన్న మేకులతో కూడా బిగించేవారు. ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్న కొన్ని ముక్కల మీద ఆ మేకుల తలలు కనిపిస్తాయి. ఆ తర్వాత సన్నని ఉలితో బొమ్మ చెక్కడం. చెక్కిన గీతల్లో వేడిచేసిన నల్లలక్క పోసి, ఆరాక పైపైన అంటినది గీకేస్తే, లక్క గీతల్లోనే నిలుస్తుంది, కంటికి కాటుక తీర్చినట్టు.

ఆ పలకల మీద బొమ్మలేమిటి? స్తంభాల వరుసలు, కమాను ద్వారాలు, మేడలు, తోటలు. సీమ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చూసి చెక్కినవి. చెక్కినవాడికి ఆ భవనాల్లో ఒక్కదాన్నీ చూసే వీలు లేదు. అయినా నీడ ఎటు పడాలో, స్తంభం గుండ్రంగా కనపడాలంటే గీతలు ఎక్కడ దగ్గరపడాలో పట్టుకున్నాడు. కొన్ని పలకల మీద ఆ పరదేశపు మేడల పక్కన తాడి జాతి చెట్లు నిలబడి ఉంటాయి. ఆ చెట్లు చెక్కేటప్పుడు అచ్చుబొమ్మ అవసరం ఆయనకు ఉండి ఉండదు.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇంటి ఆకారపు పెట్టెలు. దొరసానులు సూదీదారం దాచుకోవడానికో, టీ ఆకు పోసుకోవడానికో చేయించుకున్నవి. ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. జానెడు పైచిలుకు పొడుగు. నాలుగు పక్కలా గోడలు, ముందు గోడ మధ్యలో తలుపు, అటూ ఇటూ కిటికీలు. అన్నీ లక్క గీతలే. మూత ఇంటి కప్పు. ఏటవాలుగా దిగుతూ, దాని మీద పెంకుల వరుసలు ఒక్కొక్కటీ గీసి ఉంటాయి. వెండి పిడి పట్టుకుని కప్పు ఎత్తితే లోపల గదులు గదులుగా అరలు, ప్రతి అరకూ ఒక చిన్న మూత. టీ ఆకు అప్పట్లో తాళం వేసి దాచుకునేంత ఖరీదు గనక తాళపు కప్ప కూడా ఉంటుంది. కంపెనీ కోఠీలో ఉద్యోగం ముగించుకుని వెళ్ళే దొరలు ఇలాంటి పెట్టెలను సామానులో సర్దుకుని తీసుకుపోయారు. సీమలో వారి మేడల్లో ఇవి తరాలపాటు ఉన్నాయి.

పెట్టెలే కాదు, కుర్చీలూ వెళ్ళాయి. అలెగ్జాండర్ వించ్ అనే ఆయన 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరు. కొలువు పోయి ఇంగ్లండు చేరాక ఆయన కాపురం వెస్ట్‌హోర్ప్ హౌస్ అనే మేడలో. ఆయన పోయాక 1781లో ఆ ఇంటి సామాను వేలానికి వచ్చింది. అందులో విశాఖలో చేసిన దంతపు కుర్చీలున్నాయి. చందనపు చట్రం, పైన దంతపు తొడుగు, దాని మీద నల్లలక్క పూలతీగలు. వాటిని కొన్నది సాక్షాత్తూ మూడో జార్జి రాజు, తన రాణి షార్లెట్ కోసం. దంతపు సామానంటే ఆమెకు మోజు. విశాఖ సామాను ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో ఉంది. కొన్న రాజు పేరు, వాటి పాత యజమాని అయిన గవర్నరు పేరు, వేలం జరిగిన ఇంటి పేరు మనకు తెలుసు. కుర్చీ చేసినవాడి పేరు లేదు. కంపెనీ దస్తావేజుల్లో పత్తి బేళ్ళకు లెక్కలున్నాయి, ఉప్పుకు లెక్కలున్నాయి, ఈ మనిషికి ఒక్క పంక్తి లేదు. ఈ ధారావాహిక రాస్తున్నన్నాళ్ళూ నన్ను వదలని బాధ ఇదే.

ఇక్కడో తేడా చెప్పుకోవాలి. బెంగాలులోని ముర్షిదాబాదులోనూ దంతపు కుర్చీలు చేసేవారు. అవి పూర్తిగా దంతంతో మలిచినవి. కంపెనీ గవర్నరు జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు బెంగాలు నవాబు వితంతువు మణి బేగం ఇచ్చిన కానుకలు ఆ కోవలోవి. విశాఖ పని కొయ్య మీద దంతం. అంటే వడ్రంగి లేకుండా అది లేదు.

దొరలకు మన సామాను ఎంత తమదిగా అనిపించిందో తెలియాలంటే హోరస్ వాల్పోల్ కథ వినాలి. విశాఖ దంతపు పనికి ఒక శతాబ్దం ముందే, 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో నల్లచేవతో నగిషీ కుర్చీలు చెక్కి ఎగుమతి చేసేవారు. మెలితిరిగిన కాళ్ళు, వీపు నిండా లతలు. అవి ఎప్పుడో ఇంగ్లండు చేరి పాత మేడల్లో ఉండిపోయాయి. 18వ శతాబ్దంలో వాల్పోల్ అనే రచయిత, పాత వస్తువుల పిచ్చివాడు, వాటిని చూసి ఇవి ట్యూడర్ రాజుల నాటి అసలు సిసలు ఇంగ్లీషు కుర్చీలని తేల్చాడు. వెతికి వెతికి కొని స్ట్రాబెర్రీ హిల్‌లోని తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయన మాట నమ్మి తర్వాతి పండితులు కూడా చాలాకాలం అదే రాశారు. పాతకాలపు ఇంగ్లండు అనుకుని ఇళ్ళు అలంకరించుకున్నవాళ్ళు మన తీరపు వడ్రంగుల పనిని నెత్తిన పెట్టుకున్నారన్నమాట. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సామాను సంగతి అయింది. ఇక గది.

కలోనియల్ ఇంటి తెల్లటి గోడ సీమ గోడ కాదు. అక్కడి గోడలకు చెక్క పలకలు, బట్ట, కాగితం అంటించేవారు. ఇక్కడ ఆ పని చేస్తే వెనక పురుగు చేరుతుంది, తేమకు కాగితం ఊడిపోతుంది. దొరలు మన గుల్ల సున్నానికి లొంగిపోయారు. సముద్రపు గుల్లలను కాల్చి తీసిన సున్నాన్ని మెత్తగా నూరి, బెల్లం నీళ్ళు, కోడిగుడ్డు తెల్లసొన లాంటివి కలిపి, పలచటి పూతలుగా వేసి, తడి ఆరేలోగా నున్నటి రాళ్ళతో గంటల తరబడి రుద్దేవారు. పాలరాయికీ దానికీ తేడా పట్టలేకపోయామని వచ్చినవాళ్ళు రాసుకున్నారు. మద్రాసు సున్నంగా దానికి పేరొచ్చింది. రుద్దింది ఎక్కువగా కూలి ఆడవాళ్ళు, మగవాళ్ళు. వాళ్ళ చేతులు సున్నానికి ఏమైపోయి ఉంటాయో ఎవరూ రాయలేదు.

గోడకు సామాను ఆనించకపోవడం, గది మధ్యలో విడివిడిగా పెట్టడం ఆ స్టైల్లో ఒక అందమని ఇప్పుడు చెబుతారు. ఆనిస్తే చెదలు ఎక్కుతాయి, అసలు సంగతి అది. చీమలు పాకకుండా మంచం కాళ్ళకింద, బీరువా కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. మెత్త కుర్చీలో కూర్చుంటే వీపంతా చెమట, అందుకే గాలి ఆడే పేము అల్లిక. వేసవిలో తలుపులకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లించేవారు. గాలి చల్లబడి, వాసన గదంతా నిండేది. ఇత్తడి మూలల పెట్టె దండుతోపాటు తిరిగే అధికారులది. రెండు ముక్కలుగా విడదీసి పశువుల మీద వేసుకుపోవడానికి వీలుగా చేసినది, మూలలు దెబ్బతినకుండా ఇత్తడి.

పంకా గురించి మాత్రం అందం అనే మాట వాడలేను. 18వ శతాబ్దం చివర్లో బెంగాలు దొరల ఇళ్ళలో మొదలై మన వైపుకీ వచ్చింది. పైకప్పు నుంచి వేలాడే పొడవాటి చట్రం, దానికి బట్ట, దానికి కట్టిన తాడు గోడ కన్నంలోంచి వరండాలోకి. అక్కడ ఒక మనిషి కూర్చుని పగలూ రాత్రీ లాగుతూ ఉండాలి. ఆ గాలికి దీపాలు ఆరకుండా గాజు బుడ్లు, బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువులు. గదిలోని వస్తువులన్నీ పంకాకు తగ్గట్టు మారాయి గానీ, లాగేవాడి బతుకు మారలేదు. కునుకు తీసినందుకు తన్నులు తిన్నవాళ్ళున్నారు, ఆ దెబ్బలకు ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య కొన్ని హోటళ్ళు అలంకారానికి బట్ట పంకాలు వేలాడదీసి మోటారుతో ఊపుతున్నాయి. అవి చూసినప్పుడల్లా తాడు రెండో కొసన ఉన్న మనిషి గుర్తొస్తాడు.

ఈ సామాను దొరల దగ్గరే ఉండిపోలేదు. కంపెనీ ఉద్యోగి చచ్చిపోయినా, బదిలీ అయినా, సీమకు వెళ్ళిపోయినా ఇంటి సామానంతా వేలం వేసేవారు. వేలంలో కొత్తగా దిగిన దొరలు కొన్నారు, దుబాసీలు కొన్నారు. ఆ తర్వాత మన జమీందార్లకు ఆ మోజు పట్టింది. 19వ శతాబ్దం వచ్చేసరికి సంస్థానాల కోటల్లో గాజు షాండ్లియర్లు, నిలువుటద్దాలు, ఎత్తు కుర్చీలు చేరాయి. ముందు హాల్లో సోఫాలు, వెనక మండువాలో పీటలు, ఒకే ఇంట్లో రెండు లోకాలు. అదే కాలంలో మన సరుకు కూడా సీమకు పోతూనే ఉంది: వరంగల్లు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనలో పరిచారు. హైదరాబాదులో 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన ఫలక్‌నుమాలో నూటొక్కమంది ఒకేసారి భోంచేసే బల్ల ఉంది. అంత పొడుగు బల్ల కావాలన్న కోరిక ఒక్క శతాబ్దంలో ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి.

విశాఖ పని ఏమైంది? 19వ శతాబ్దంలో పెద్ద సామాను తగ్గి చిన్న పెట్టెలు మిగిలాయి. చందనం, గేదె కొమ్ము, ఏదుముళ్ళు, తాబేలు చిప్ప, వాటికి సన్నటి దంతపు అంచు. దంతం మీద పెద్ద పెద్ద భవనాలు చెక్కే రోజులు పోయి, బజారు గిరాకీకి తగ్గ పని వచ్చింది. ఆ పెట్టెలూ అందంగానే ఉంటాయి గానీ, 1770ల నాటి పలక పక్కన పెడితే గీతలో ధీమా తగ్గిందని నాకనిపిస్తుంది. ఇప్పుడు పాతబస్తీ వీధుల్లో ఆ విద్య ఆనవాలు లేదు. ఆ సామాను చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్ళాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ కుర్చీలు ఎంత అందమైనవైనా, ఒక్కో కుర్చీ వెనక చచ్చిన ఏనుగులున్నాయి. ఆ విద్య మళ్ళీ రావాలని నేను కోరను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986, 1991లలో వచ్చిన సవరణలు కలిసి దంతపు వ్యాపారాన్ని పూర్తిగా మూసేశాయి. ఇంగ్లండులో 2018లో చేసిన చట్టం 2022 నుంచి అమల్లో ఉంది. అరుదైన పాత వస్తువులు అమ్మాలన్నా అక్కడ ధ్రువపత్రం కావాలి. కనక ఇంటికి ఆ కాలపు రూపం తేవాలనుకునేవారు దంతం జోలికి పోవద్దు. ఆ తీగ బొమ్మను ఇవాళ పెడన కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద అద్దుతున్నారు, ఏటికొప్పాక లక్కపనివాళ్ళు అంకుడు కొయ్య మీద రంగులు పట్టిస్తున్నారు. డబ్బు వాళ్ళకిచ్చి, బిల్లు మీద పనివాడి పేరు రాయించుకోండి.

వచ్చే వారం తీరం వదిలి హైదరాబాదు వెళ్తున్నాం. 1803లో అక్కడి కోఠీ ప్రాంతంలో రెసిడెన్సీ మేడకు పునాది వేయించిన ఇంగ్లీషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, స్థలం కోసం పెద్ద పటం పట్టుకెళితే నిజాం ఒప్పుకోలేదట; అదే పటాన్ని చిన్న చీటీ మీద గీయించి పట్టుకెళితే ఒప్పుకున్నాడట. ఆ మేడ దర్బారు హాలు లోపలికి వెళ్దాం.